అంబాసిడర్‌కి గ్రీజు పెట్టే ఆదివారం

ఏమండోయ్, ఆదివారం పొద్దున్నే ఏం చేస్తున్నారు? పేపరా? రెండో కాఫీ కోసం వంటింటి వైపు చూపులా? కానివ్వండి, కానివ్వండి. నేను మాత్రం పాత లుంగీ బిగించి, ఈతాకు చాప పరిచి, కారు కింద దూరబోతున్నాను. ఒక చేతిలో గ్రీజు గన్ను, ఇంకో చేతిలో పాత బనీను గుడ్డ. ఇంతకంటే మంచి ఆదివారం ఎక్కడైనా ఉంటే చెప్పండి, వింటాను. నమ్మను గానీ, వింటాను.

కారంటే ఏ కారు అని అడగరేం? మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్. మార్క్ ఫోర్. తెల్లది. తెల్లది కాక ఇంకేం రంగుంటుందండీ దానికి! కలెక్టరు గారిదైనా, పెళ్లివారిదైనా, బస్టాండు దగ్గర ట్యాక్సీ అయినా అప్పట్లో తెల్ల అంబాసిడరే. మీరూ ఎక్కే ఉంటారు. ముందు సీట్లో నలుగురు, వెనక ఐదుగురు, ఒళ్లో ఇద్దరు పిల్లలు, కాళ్ల దగ్గర అరిసెల డబ్బా. గుర్తొచ్చిందా? అంత బరువునీ కిక్కురుమనకుండా మోసింది చూశారూ, కింద ఉన్న ఆ సామాను, దాని గురించే ఇవాళ నా కబుర్లు.

ఇంజన్ గురించి అందరూ మాట్లాడతారు. పెయింటు గురించి మరీ మాట్లాడతారు. పాత కారు కొన్నవాళ్లు ముందు చేసే పని ఏమిటో చెప్పనా? సీటు కవర్లు! ఆ తర్వాత హారన్. స్టీరింగు, సస్పెన్షన్ అనేసరికి మాత్రం మొహం పక్కకి తిప్పేస్తారు. కంటికి కనపడవు కదా. పెళ్లిచూపుల్లో వంటవాణ్ణి ఎవరు చూస్తారు?

కానీ బండి మనతో మాట్లాడేది వాటి నోటితోనే.

మా అల్లుడుగారి కొత్త కారుంది. స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతుంది. హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ కింద ఉన్నది తారో, సిమెంటో, కంకరో చేతికి తెలియదు. మా అంబాసిడర్ అలా కాదు. చక్రం కిందకి చిన్న గులకరాయి వచ్చినా నా చూపుడు వేలికి కబురొస్తుంది. కళ్లు మూసుకున్నా రోడ్డు ఏదో చెప్పగలను. (మూసుకోను లెండి, మా ఆవిడ పక్కనే ఉంటుంది.) ఆ కబురు మధ్యలో చెడకుండా నా దాకా రావాలంటే చక్రానికీ నా చేతికీ మధ్య ఉన్న కీళ్లన్నీ బాగుండాలి. ఇంతే నా గోల.

ఆ కబురు అంత సూటిగా రావడానికి ఒక పెద్దమనిషి కారణం. అలెక్ ఇసిగోనిస్ అని, తర్వాత 1959లో బుల్లి మినీ కారు తెచ్చి లోకాన్ని ఆశ్చర్యపరిచిన ఆయనే. అంతకు ముందు 1948లో మోరిస్ మైనర్ తెచ్చాడు. దానికి రాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీ, పళ్ల చక్రం) స్టీరింగూ, ముందు చక్రాలకి టార్షన్ బార్లూ పెట్టాడు. దాని పెద్దన్న మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కీ అదే పద్ధతి వచ్చింది. ఆ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మన దేశానికొచ్చి, కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో, 1957 నుంచి అంబాసిడర్ అయింది. 2014లో అక్కడ తయారీ ఆగేదాకా, రాక్ స్టీరింగు రాక్ స్టీరింగే, వెనక పట్టీల స్ప్రింగులు, అదే కమాన్ కట్టలు, కమాన్ కట్టలే. ముందుభాగం మొహం మార్చారు, ఇంజన్లు మార్చారు, గేరు కర్రని స్టీరింగ్ పక్కనుంచి కిందకి తెచ్చారు. నడక మాత్రం పుట్టినప్పటిదే.

టార్షన్ బార్ అంటే తెలుసా? స్ప్రింగేనండీ. చుట్టలు చుట్టుకున్న స్ప్రింగు కాదు, నిటారు కడ్డీ. కారు పొడవు దిశలో కింద పడుకుని ఉంటుంది. వెనక కొస బాడీకి బిగించి ఉంటుంది, ముందు కొస చక్రం చేతికి. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలిపడుతుంది. మెలితిరిగిన కడ్డీ మళ్లీ నిటారుగా అవుదామని చూస్తుంది. తడి తువ్వాలు పిండి వదిలితే విచ్చుకుంటుంది చూడండి, అలాగ. ఆ ఉక్కు కడ్డీ నలభై ఏళ్లుగా రాత్రీ పగలూ అలా మెలితిరిగే నిలబడి ఉందని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. మీకు పులకరించలేదా? పర్లేదు, ఇంకా కారు కిందకి రాలేదుగా మీరు.

ఆ కడ్డీలకి ఒక పట్టుదల ఉంది. ఎడమ వైపుది ఎడమకే, కుడిది కుడికే. ఇన్నేళ్లు ఒకే వైపు మెలిపడిన ఉక్కుని రెండో వైపు తిప్పితే ఒప్పుకోదు, ఒంగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది కూడా. మా మేస్త్రి గారు వాటిని విప్పితే ముందు సుద్దముక్కతో రాస్తారు: ‘ఎ’, ‘కు’. తర్వాతే టీ.

మా మేస్త్రి గారి సంగతి చెప్పకపోతే ఈ కబుర్లు చప్పగా ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు చేసి, ఇప్పుడు తెనాలిలో ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకున్నారు. కారు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. బండి వీధి మలుపు తిరుగుతుండగానే, ‘కుడి వైపు టైరాడ్డు’ అంటారు కూర్చున్న చోటునుంచే. ఓసారి మా కారు ఎదురుగా నిలబడి తల కాస్త వంచి చూశారు. ‘డ్రైవర్ వైపు వాలిందండి’ అన్నారు. నాకేం కనపడలేదు. జేబులోంచి టేపు తీస్తారనుకున్నాను. తీయలేదు. చెయ్యి చాపి, మడ్‌గార్డు అంచు నుంచి చక్రం మధ్యకి కొలిచారు. ఎడమ పక్క రెండు జానలు. కుడి పక్క రెండు జానలకి వేలెడు తక్కువ. అన్నేళ్లూ మా నాన్నగారూ, తర్వాత నేనూ, ఎక్కువసార్లు ఒంటరిగానే నడిపాం కదా! ఆ బరువంతా కుడి కడ్డీ ఒక్కటే మోసింది. కడ్డీ కొసన ఉన్న పళ్లు విప్పి, కాస్త తిప్పి మళ్లీ కూర్చోబెట్టారు. సాయంత్రానికి బండి నిటారుగా నిలబడింది, స్కూల్లో హెడ్మాస్టరు వచ్చినప్పుడు పిల్లాడు నిలబడ్డట్టు.

సరే, గ్రీజు దగ్గరికి రండి. అసలు ఆనందం ఇక్కడ.

ముందు ఒక్క మాట సీరియస్‌గా. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకి దూరకండి. స్టాండు పెట్టండి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టండి. టన్ను దాటిన బండి అది. సరేనా? ఇక నవ్వుకోవచ్చు.

ముందు చక్రం పక్కన నిలువుగా కింగ్ పిన్ ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే చక్రం దాని మీదే తిరుగుతుంది. దాని పైకొసకీ కిందికొసకీ మరలు ఉంటాయి, సీసా మూతకి ఉన్నట్టు. ఆ మరలు లింకుల్లోకి దిగి ఉంటాయి. అంటే మీ బండి ముందు బరువంతా, మీరు తిప్పే ప్రతి మలుపూ, ఆ మరల మీదే. గ్రీజు ఉంటే అవి మనవల కాలం దాకా ఉంటాయి. గ్రీజు లేకపోతే మర అరిగి అరిగి ఓ రోజు జారిపోతుంది, చక్రం కాలు విరిగినట్టు పక్కకి మడుచుకుని పడుతుంది. ఇంత పెద్ద ముప్పుకి మందు గ్రీజు! ఇంత చవకైన బీమా ఇంకెవరైనా ఇస్తారా?

చక్రం నేల మీద ఉండగా గ్రీజు పెట్టకండి. బరువంతా మర ఒక పక్కనే ఆని ఉంటుంది, అక్కడికి గ్రీజు వెళ్లదు. జాకీ ఎత్తాక పెట్టండి. ముందు గ్రీజు ఎక్కించే బుడిపెని, అదే నిపిల్‌ని, గుడ్డతో తుడవండి. శుభ్రంగా. ఆ కాస్త మట్టిని గన్నుతో మనమే లోపలికి కూరితే, గ్రీజు పెట్టినట్టు కాదు, ఇసక పోసి నూరినట్టు. తుడిచారా? గన్ను మూతి నిపిల్‌కి నొక్కితే ‘టక్’ మని కూర్చుంటుంది. ఇప్పుడు పిడి నొక్కండి. ఒకటి. రెండు. ఏమీ రాదు. మూడోసారి చెయ్యి కాస్త బరువెక్కుతుంది. లోపల నిండుతోందన్నమాట. ఇప్పుడు మనవణ్ణి పిలిచి స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పమనండి. ఇంకోసారి నొక్కండి. అదిగో! అంచునుంచి నల్లటి పాత గ్రీజు, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు, సన్నగా, మెలికలు తిరుగుతూ వస్తుంది. ఇంకా నొక్కండి. నలుపు గోధుమరంగవుతుంది. గోధుమరంగు తేనెరంగవుతుంది. తేనెరంగు వచ్చాక ఆపండి. ఆ రంగు మారే క్షణం చూడటానికే నేను పదిహేను వందల కిలోమీటర్లకోసారి చాప పరుస్తాను. వేలితో కాస్త తీసి బొటనవేలికి రాసి చూస్తాను కూడా. ఇసక తగలకూడదు, వెన్నలా జారాలి. తగిలిందంటే అది తేనెరంగైనా సరే, ఇంకో నాలుగు నొక్కులు.

నిపిల్ మూసుకుపోయి గ్రీజు దిగకపోతే? కొందరు సుత్తి తీస్తారు. వద్దండీ బాబూ! స్పానర్‌తో విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, సన్న తీగతో పొడవండి. అప్పటికీ వినకపోతే కొత్తది వెయ్యండి. నిపిల్ ఖరీదు ఎంతని!

అన్నట్టు మా పక్కింటి మాస్టారికి పద్మినీ ఉంది. ప్రీమియర్ పద్మినీ, ఫియట్ వంశం. గోడ మీంచి తొంగిచూసి, ‘మాది మీకంటే నాజూకు’ అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. దానికి ముందు కాయిల్ స్ప్రింగులు. స్టీరింగ్‌కి రాక్ కాదు, పెట్టె ఉంటుంది, అందులో మరచుట్టు గేరు. చెయ్యి తేలికగా తిరుగుతుంది. 2023 అక్టోబరులో ముంబయి నల్లపసుపు ట్యాక్సీల్లో ఆఖరి పద్మినీకి గడువు తీరిందని పేపర్లో చదివి మాస్టారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి దాని కింగ్ పిన్నులకి గ్రీజు పెట్టాం. ఇంకేం చేస్తాం, పరామర్శంటే అదే.

ఇక చప్పుళ్లు. మీకు సంగీతం వచ్చా? రాకపోయినా పర్లేదు, చెవులుంటే చాలు. గతుకులో ముందు ‘టక్’ మంటే ఒక అర్థం, స్టీరింగ్ తిప్పేటప్పుడు ‘టక్’ మంటే ఇంకో అర్థం. వెనకనుంచి కిర్రుకిర్రు మంటే అది కమాన్ కట్ట. పట్టీల మధ్య తుప్పు చేరి ఒకదాన్నొకటి గీక్కుంటున్నాయి, తోటికోడళ్లలాగ. స్పీడు బ్రేకర్ దాటాక కూడా ముక్కు పైకీ కిందకీ ఊగుతూనే ఉంటే షాకబ్జరు. దాన్ని ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. మడ్‌గార్డు మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా అదిమి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే బాగున్నట్టు. ఉయ్యాల ఊగితే ఆయుష్షు తీరినట్టు.

మరి చక్రం వదులుగా ఉంటే? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. జాకీ ఎత్తి, టైరుని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి కదపండి. కదిలిందా? బేరింగా, కింగ్ పిన్నా? ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే బేరింగు. తొక్కినా ఇంకా కదిలితే కింగ్ పిన్ను. ఎంత అందమైన కిటుకు! మేస్త్రి గారు ఇది చెప్పిన రోజు నేను మూడుసార్లు చేసి చూశాను, ఏమీ పాడవకపోయినా.

స్టీరింగ్ ఆట చూడటం ఇంకా సరదా. ఇంజన్ ఆపి, చక్రాలు నిటారుగా పెట్టి, మనవణ్ణి సీట్లో కూర్చోబెడతాను. వాడు స్టీరింగ్‌ని కొంచెం ఇటూ కొంచెం అటూ ఆడిస్తుంటాడు. ‘తాతా, విజయవాడ వచ్చేశాం’ అంటాడు. నేను కింద పడుకుని ఒక్కో కీలు మీదా అరచెయ్యి వేసి ఉంచుతాను. కళ్లకంటే చెయ్యి తెలివైంది ఈ పనిలో. బాగున్న కీలు రాడ్‌తో పాటే కదులుతుంది. అరిగిన కీలు ఆలస్యంగా కదులుతూ అరచేతిలో ‘టిక్’ మంటుంది, నాడి కొట్టుకున్నట్టు. ‘తాతా, గుంటూరు కూడా వచ్చేసింది!’ ఆగరా నాయనా, టైరాడ్డు దొరికింది.

ఆ టైరాడ్ ఎండ్ ఊడదీయడం చూశారా ఎప్పుడైనా? బిగుసుకుపోయి ఉంటుంది. లాగితే రాదు, కింద కొడితే మర పాడవుతుంది. మేస్త్రి గారు రెండు సుత్తులు తీస్తారు. అది దిగి ఉన్న కన్నానికి ఒక పక్క ఒకటి ఆనించి, రెండో పక్క రెండోదానితో ఒక్కటి వేస్తారు. ‘టంగ్!’ అంతే, జారి చేతిలో పడుతుంది. కొత్తది బిగించాక స్ప్లిట్ పిన్ మాత్రం పాతది వాడరు, చచ్చినా వాడరు. ఒకసారి వంచిన పిన్ను రెండోసారి వంచితే విరుగుతుందని. ఆ చిన్న పిన్నే మన ప్రాణాలు పట్టుకుని ఉండేది మరి.

రాక్‌కి రెండు పక్కలా రబ్బరు బూట్లుంటాయి, హార్మోనియం తిత్తుల్లా. చిరిగాయేమో చూడండి. చిరిగితే దుమ్ము లోపలికి పోతుంది, నూనె బయటికి పోతుంది. బూటు కొంటే వందల్లో పోతుంది, రాక్ మారిస్తే వేలల్లో. ఇంతకంటే చెప్పను.

రబ్బరంటే నాకో పాత బాధ ఉంది, చెప్పుకోనివ్వండి. మూడేళ్ల కిందట మేస్త్రి గారు ఊళ్లో లేరని, వేరే చోట ముందు చేతులకీ వెనక కమాన్లకీ కొత్త రబ్బరు బుష్‌లు వేయించాను. మంచి సామానే. డబ్బూ బాగానే తీసుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే చప్పుడు. విప్పి చూస్తే రబ్బరు చీలికలు పేలికలు! సామాను నాసిరకమని తిట్టుకుంటుంటే మేస్త్రి గారు అడిగారు, ‘బోల్టులు ఎక్కడ బిగించారు, గాల్లోనా నేల మీదా?’ గాల్లోనే. బండి లిఫ్టు మీద ఉండగానే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడిపోతుందట. ఇక పుట్టినప్పటినుంచీ మెడ తిప్పుకుని కూర్చున్నట్టే, గతుకు గతుక్కీ ఇంకా మెలి. చిరగక ఏమవుతుంది? మళ్లీ కొత్తవి వేశారు. బోల్టులు వదులుగానే ఉంచి బండి నేలకి దించారు. నన్నూ మా బావమరిదినీ సీట్లో కూర్చోబెట్టి రెండు మూడుసార్లు బండిని అదిమి ఊపారు. అంతా కుదురుకున్నాక, అప్పుడు, కిందకి దూరి బిగించారు. ఆ బుష్‌లు ఇప్పటికీ కొత్తల్లుళ్లలా ఉన్నాయి. చప్పుడొచ్చింది కదా అని మాత్రం వాటి మీద ఆయిలు పోయకండి. కమాన్ పట్టీల మధ్య నూనె మంచిది, రబ్బరుకి విషం. ఉబ్బి మెత్తబడిపోతుంది.

స్టీరింగ్ బరువుగా ఉందని వచ్చిన ప్రతివాణ్ణీ మేస్త్రి గారు అడిగే మొదటి ప్రశ్న చెప్పనేలేదు కదూ. ‘గాలి చూశారా?’ అంతే. సగం రోగాలు గాలితో పోతాయి. ఇంకో మాట, బండి ఆగి ఉండగా స్టీరింగ్ పీకకండి. అంగుళం కదలనిచ్చి తిప్పండి. చేతులకీ సుఖం, రాక్‌కీ సుఖం.

దసరాకి ఆయుధపూజ చేస్తారు కదా, మీరు బొట్టు ఎక్కడ పెడతారు? స్టీరింగ్‌కీ, బానెట్‌కీ, చక్రాలకీ. మా ఇంట్లో మొదటి బొట్టు గ్రీజు గన్నుకి. మా ఆవిడ నవ్వింది మొదట్లో. ఇప్పుడు ఆవిడే పెడుతోంది.

ఆవిడకి ఇప్పుడింత గౌరవం ఎందుకంటారా? దుగ్గిరాలలో మా అమ్మాయి ఉంటుంది. ప్రతి ఆదివారం కాలువ గట్టు రోడ్డు మీద వెళతాం. పసుపు పంట చేతికొచ్చే రోజుల్లో ఊరు దగ్గరపడగానే ఆ వాసన కారంతా నిండుతుంది. మనవరాలికి అమ్మమ్మ చేతి మజ్జిగే కావాలి, నిమ్మాకు నలిపి వేసింది. ఇదివరకు మా ఆవిడ ఆ మజ్జిగ గిన్నెకి గుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకుని, ప్రతి గతుక్కీ నా వైపు చూసేది. ఆ చూపులు మీకూ తెలిసే ఉంటాయి. కడుపులో చల్ల కదలకుండా అంటారే, ఆ ముక్కకి అసలు పరీక్ష అది. పోయిన ఆదివారం గ్రీజు పెట్టి బయల్దేరాం. గిన్నె వెనక సీట్లో పెట్టింది. ఒంటరిగా. గుడ్డ కూడా కట్టలేదు, మూత మాత్రమే. రెండు మలుపులు దాటాయో లేదో పక్కన తల వాల్చి నిద్రపోయింది. దిగాక అమ్మాయి మూత తీసి చూసింది. గిన్నె అంచు పొడిగా ఉంది.

ఏం, వచ్చే ఆదివారం వస్తారా మరి? ఆరింటికల్లా రండి, ఎండ ముదరకముందే. చాప నాదే. పాత లుంగీ మాత్రం మీరు తెచ్చుకోండి, ఉన్న ఒక్కటీ నేను కట్టుకుంటాను.